ఎవరూ తీసుకోని పిల్లుల రుక్మాబాయి గారు

రెండు వేల ఆరవ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి రుక్మాబాయి గారు మన కరుణాంగణం మార్జాల సంరక్షణ సమితిలో సహాయకురాలిగా చేరారు. అప్పటికి సమితి పత్తర్‌గట్టి వెనుక సందులో, నవాబుల కాలపు ఒక పాత దేవిడీ పెరట్లో, రేకుల కప్పు కింద నడుస్తుండేది. నేను అంతకు కొద్ది కాలం ముందే గుమాస్తాగా చేరి ఉన్నాను. ఆమె పర్యవేక్షకురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భాన, ఈ ప్రత్యేక సంచికకు ఒక అభినందన వ్యాసం రాయవలసిందిగా కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. క్లుప్తంగానూ, అందరికీ ఆనందం కలిగించేలాగానూ ఉండాలన్నారు. మొదటిదానికి ప్రయత్నిస్తాను. రెండవది నా చేతుల్లో లేదు.

శుభ సందర్భం అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టివేయను, ఎందుకంటే ఇన్నేళ్ల చాకిరీ తరువాత ఆమెకు విశ్రాంతి దొరకడం శుభమే. మిగిలిన వాళ్లకు, ముఖ్యంగా నాలుగు కాళ్ల వాళ్లకు, ఇందులో ఏ శుభమూ నాకు కనబడలేదు.

రుక్మాబాయి గారు లాల్‌దర్వాజా ప్రాంతంలో తరతరాలుగా పాల వ్యాపారం చేసుకుంటున్న కుటుంబంలో జన్మించారు. పాలు పితికే వేళకు గిన్నె చుట్టూ చేరే పిల్లులను అదిలించే పని చిన్నతనంలో తనకే అప్పగించారనీ, ఆ పనిని తాను ఒక్కనాడూ సరిగా చేయలేదనీ ఆమె నవ్వుతూ చెప్పేవారు. భర్త కృష్ణయ్య గారు అకాలంగా స్వర్గస్థులైన పిమ్మట, ఏకైక పుత్రిక అమలను చదివించుకోవడానికి ఈ ఉద్యోగంలోకి వచ్చారు. జీవకారుణ్యం కోసం రాలేదు, జీతం కోసం వచ్చారు. ఈ మాట ఆమెకు చిన్నతనమని ఎవరైనా భావిస్తే వారికి ఆమె తెలియదన్నమాట. కారుణ్యం కోసం వచ్చినవారు మన సమితికి చాలామందే ఉండేవారు. పిల్లికూనను ఎత్తుకుని ఫొటో దిగి, దాని గోరు గుచ్చుకోగానే వెళ్లిపోయారు. జీతం కోసం వచ్చిన ఆమె మిగిలారు.

ఇటువంటి వ్యాసాలలో విరమణ పొందే వ్యక్తిని సౌమ్యమూర్తి అనడం ఆనవాయితీ. రుక్మాబాయి గారు సౌమ్యమూర్తి కారు. ఆమె గొంతు గేటు దగ్గర లేస్తే, లోపల తలుపులూ కిటికీలూ మూసుకుని కూర్చున్న నాకు కూడా ప్రతి అక్షరమూ వినిపించేది. తలుపులు ఎందుకు మూసుకుంటానో తోటి ఉద్యోగులకు తెలుసు, కుటుంబ సభ్యుల కోసం చెబుతున్నాను: నాకు పిల్లి బొచ్చు పడదు. గాలికి ఒక్క వెంట్రుక కొట్టుకొచ్చినా తుమ్ములు మొదలవుతాయి. ఇరవై ఏళ్లుగా పిల్లుల ఆశ్రమంలో చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉద్యోగం చేస్తున్న మనిషిని నేను.

మన గేటుకు ఒక బోర్డు ఉంది. ‘ఇక్కడ ఏ పిల్లినీ చంపరు’ అని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ రాసి ఉంటుంది. సమితి ప్రతిష్ఠకు అదే మూలమని అధ్యక్షులవారు ప్రతి సభలోనూ సెలవిస్తారు. నిజమే. అయితే ఆ బోర్డును జనం చదివే తీరు వేరు. ‘ఇక్కడ ఏ పిల్లినైనా వదిలేసి పోవచ్చు’ అని వారు చదువుకున్నారు. అద్దె ఇల్లు మారేవారు, కొత్త కాలనీలో సొంతిల్లు కట్టుకున్నవారు, పసిబిడ్డ పుట్టినవారు, ఎవరు ఏ కారణం చేత పిల్లిని వదిలించుకోవాలనుకున్నా, కూరగాయల సంచిలో వేసుకుని మన గేటు ముందు వాలేవారు. వదిలేసినందుకు సిగ్గుపడేవారు తక్కువ, మంచి చోట వదిలామని సంతోషించేవారు ఎక్కువ.

ఒక పెద్దమనిషి స్కూటరు మీద ఆడపిల్లిని తెచ్చినప్పటి సంభాషణ నాకు ఇప్పటికీ గుర్తు.

“ఇల్లు మారుతున్నం అమ్మా. కొత్తింట్ల మార్బల్ ఏసినం. మీ తాన సంపరంట గద, అందుకే దెచ్చిన” అన్నాడాయన.

“ఫ్రిజ్ తీస్కపోతున్నవా?” అని అడిగారు రుక్మాబాయి గారు.

“ఆఁ.”

“బీరువా?”

“అన్నీ పోతున్నయి.”

“మరి గిదొక్కటే బరువైందా? ఎన్నేండ్ల సంది సాదుతున్నవ్ దీన్ని?”

“ఆరేండ్లాయె.”

“ఆరేండ్లు మీ పిల్లగాండ్ల దుప్పట్ల పన్నది, ఇప్పుడు మీ మార్బల్ మీద నడువొద్దా? ఏంది గీ పద్ధతి?”

ఆయన సంచి కింద పెట్టి, ఇంత మాట పడతాననుకోలేదన్నట్టు చూసి, స్కూటరు తిప్పుకున్నాడు. ఆమె తిడుతూనే సంచి విప్పారు. తిట్టి తీసుకునేవారు, తీసుకోకుండా తిట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ పిల్లి చాలా రోజుల వరకు స్కూటరు చప్పుడు వినబడినప్పుడల్లా గేటు వైపు పరుగెత్తేది. దానికి సమాధానం చెప్పవలసిన మనిషి కొత్తింట్లో సుఖంగా ఉండి ఉంటాడు, ఉండనీయండి.

ఆమె పనితీరులో ఒక విశిష్టత గురించి తప్పక చెప్పాలి. ఏ పిల్లి వచ్చినా ముందు దానికి ఉస్మాన్‌గంజ్ నుంచి తెప్పించిన గోనెసంచి ముక్క ఒకటి పరిచేవారు. ఆ ముక్క ఇక ఆ పిల్లిదే. ఉతకనిచ్చేవారు కారు, వేరొక పిల్లిని దాని మీద పడుకోనిచ్చేవారు కారు. ఎవరైనా పిల్లిని పెంచుకోవడానికి తీసుకువెళితే ఆ గోనె కూడా వెంట వెళ్లవలసిందే. “కొత్తింట్ల అన్నీ కొత్తగుంటయి, దానికి భయమైతది. గిదొక్కటి పాతది ఉండాలె” అనేవారు. బంజారాహిల్స్ నుంచి వచ్చిన దంపతులిద్దరు ఆ గోనె వాసనకు ముఖం చిట్లించి, తాము మెత్తని పరుపు కొన్నామనీ, ఈ మురికి గుడ్డ తమ కారులోకి రాదనీ అన్నారు. ఆమె గోనెను మడిచి చంకలో పెట్టుకుని, పిల్లిని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అధ్యక్షులవారికి ఫోన్ వచ్చింది, మరునాడు రుక్మాబాయి గారికి హెచ్చరిక వచ్చింది. అదే పిల్లి తరువాత చాంద్రాయణగుట్టలో ఒక కుటుంబానికి చేరింది, గోనెతో సహా. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

ఇక అరవై ఏళ్ల నిబంధన గురించి. మన సమితి నియమావళిలో సభల్లో పదే పదే ఉటంకించబడే ఆ నిబంధన ఆమె పెట్టినదే. పత్తర్‌గట్టిలో సాయిలు గారని ఒక వృద్ధ దర్జీ ఉండేవారు. ఒంటరి మనిషి. మన దగ్గర నుంచి ఒక గోధుమరంగు పిల్లిని తీసుకువెళ్లి ప్రాణంగా చూసుకున్నారు. ఆయన కుట్టుమిషను కింద, తొక్కే కాళ్ల పక్కనే అది నిద్రపోయేది. ఒకనాడు ఆయన నిద్రలోనే కాలం చేశారు. బంధువులు వచ్చారు, కర్మకాండ జరిపించారు, గదికీ దుకాణానికీ తాళాలు వేసుకుని వెళ్లారు. పిల్లి సంగతి ఎవరికీ తట్టలేదు. అది మూసి ఉన్న దుకాణం షట్టరు ముందు కూర్చుంది. పక్క దుకాణాల వారు పాలు పోశారు, ముట్టలేదు. కబురు అందగానే రుక్మాబాయి గారు, మన ఆటో నడిపే డానియేలు గారు వెళ్లి దాన్ని తెచ్చేసరికి ఎముకల గూడే మిగిలింది. ఆమె ఒళ్లోనే పోయింది.

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మరునాడు నా బల్ల ముందు నిలబడి అన్నారు: “తమ్మీ, రూల్ రాయి. అరవై నిండినోళ్లు ఎవ్వరొచ్చి పిల్లిని అడిగినా, ఎంట ఒక చిన్నోళ్లను తోల్కరావాలె. ఆ చిన్నోళ్లు నలుగురి ముంగట, నా మొఖం జూసి, ‘వీళ్ల తర్వాత నేను జూస్త’ అనాలె. సంతకం వద్దు. సంతకం ఎవ్వలైనా వెడ్తరు. నోటితోని అనాలె.”

ఆనాటి నుంచి అదే ఆచారమైంది. కొడుకులు, కోడళ్లు, పక్కింటి వాళ్లు, ఎందరో ఆమె ముందు నిలబడి ఆ మాట చెప్పి పిల్లిని తీసుకువెళ్లారు. చెప్పలేక వెనుదిరిగినవారూ ఉన్నారు. కార్యవర్గ సభ్యులొకరి మామగారిని కూడా ఆమె వట్టి చేతులతో పంపించారు.

సమితి జల్‌పల్లికి తరలి వచ్చిన తరువాత స్థలం పెరిగింది, స్థలంతో పాటు పిల్లులు పెరిగాయి. ముసలివీ, గుడ్డివీ, మూడు కాళ్లవీ ఎవరికీ అక్కరలేక మిగిలిపోతుండేవి. అప్పుడు కార్యవర్గం వారు ఒక పథకాన్ని ఆలోచించారు. ఉస్మాన్‌గంజ్ గోదాముల్లో ఎలుకల బాధ ఎక్కువ, మన దగ్గర పిల్లులు ఎక్కువ, కనుక ఒంట్లో సత్తువ ఉన్న పిల్లులను గోదాములకు పంపితే ఉభయులకూ ప్రయోజనమన్నారు. దానికి ‘ఉపాధి పునరావాసం’ అని పేరు పెట్టారు. పేరు బాగుంది.

“సార్, గోదాములల్ల ఎలుకల మందు వెడ్తరు. మందు తిన్న ఎలుకను తింటే పిల్లి సస్తది” అని రుక్మాబాయి గారు సమావేశంలోనే చెప్పారు.

“మందు పెట్టబోమని వ్యాపారులు మాట ఇచ్చారు కదమ్మా” అన్నారు అధ్యక్షులు.

“గా మాట నా మొఖం జూసి అనమనుండ్రి.”

“వాళ్లు పెద్ద మనుషులమ్మా. అలా అడిగితే బాగుండదు.”

అడగలేదు. పిల్లులు వెళ్లాయి. దండలు వేశారు, పిల్లులకు కాదు, వ్యాపారులకు. కొన్నాళ్లు బాగానే గడిచింది. వానాకాలంలో ఎలుకలు పెచ్చుపెరిగాయి. పిల్లుల మీద నమ్మకం చాలక గోదాములలో మందు పెట్టారు. ఎవరు పెట్టారని అడిగితే హమాలీలని యజమానులు, యజమానులని హమాలీలు చెప్పారు. రుక్మాబాయి గారు, డానియేలు గారు వర్షంలో గోదాము గోదాముకూ తిరిగారు. ప్రాణంతో దొరికినవాటిని చంకలో, ప్రాణం పోయినవాటిని వాటి వాటి గోనెల్లో చుట్టి తెచ్చారు. జల్‌పల్లిలో వెనుక గోడ వారగా గొయ్యి తవ్వించి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి మట్టి వేశారు. నేను రుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఆనాడు నా కళ్ల నీళ్లకు పిల్లి బొచ్చు కారణం కాదు.

ఆ ఏటి వార్షిక సభలో కార్యదర్శిగారు, గోదాములకు పంపిన పిల్లులన్నీ పునరావాసం పొందినట్టు చదివారు. చప్పట్లు మోగాయి. రుక్మాబాయి గారు లేచి బయటికి నడిచారు. మన బోర్డు మాత్రం అబద్ధం కాలేదు. మనం చంపలేదు కదా! చంపే చోటికి పంపాం, అంతే. ఈ వాక్యాన్ని తొలగించాలని కార్యవర్గం భావిస్తే వ్యాసాన్ని మొత్తంగా తొలగించగలరని మనవి.

గోదాముల నుంచి ప్రాణంతో తిరిగివచ్చిన కొన్నింటినీ, ఎవరూ తీసుకోని ముసలివాటినీ, కుంటివాటినీ ఆమె వరండా చివరనున్న గదిలో ఉంచారు. దాన్ని మనమందరం ఆఖరి గది అంటాం. పెంచుకోవడానికి వచ్చినవారు ఆ గది దాకా వచ్చేవారు కారు. వచ్చినా గుమ్మం దగ్గరే జాలిపడి మళ్లిపోయేవారు. ఆమె మధ్యాహ్న భోజనం మాత్రం అక్కడే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గత వారం వీడ్కోలు సభ ఏర్పాట్ల కోసం జరిగిన సమావేశంలో శాలువా రంగు, జ్ఞాపిక ఆకృతి నిర్ణయమైన తరువాత, మరొక అంశం చర్చకు వచ్చింది. రుక్మాబాయి గారి విరమణానంతరం ఆఖరి గదిని ఖాళీ చేసి, ఊళ్లకు వెళ్లేవారి పెంపుడు పిల్లులకు వసతిగా మార్చాలని ప్రతిపాదన. మరి అందులో ఉన్న పిల్లులు? మళ్లీ గోదాములకే. ఈసారి మంచి వ్యాపారులట.

రుక్మాబాయి గారు లేచి నిలబడ్డారు. “సార్, నాకు శాలువా వద్దు, దండ వద్దు. గా గదిల ఉన్నవాటిని నాకియ్యుండ్రి. ఈడ్నే చిన్న ప్లాట్ల నాకు ఇల్లున్నది. ఇంటెనుక రేకుల షెడ్డేపిస్త. మీకు మల్ల ఫికర్ లేకుంట జేస్త.”

అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు నేను మరచిపోను. “చాలా సంతోషం అమ్మా. కానీ మీకు అరవై నిండాయి కదా! నిబంధన మీరు పెట్టిందే. మీ తర్వాత వాటిని ఎవరు చూస్తారు?”

కుటుంబం తరఫున వచ్చి కూర్చున్న అమల తల దించుకుంది. “నేను జూస్తనని అందునే అమ్మా. మా అత్తగారింట్ల పిల్లి ఎదురైతెనే పయనం ఆపుకుంటరు. లొల్లయితది” అంది చిన్నగా. ఈ సంచిక ఆ ఇంటికి కూడా చేరుతుంది కనుక, ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనవద్దని కోరుతున్నాను. ఆమె కంఠంలో బాధ నేను విన్నాను. రోజువారీ పద్ధతిలో పనిచేసే డానియేలు గారు చటుక్కున చెయ్యెత్తారు. తనకు కూడా అరవై దాటాయని గుర్తొచ్చి దించుకున్నారు.

‘నా నిబంధనే కదా, రద్దు చేస్తున్నాను’ అని ఆమె అనవచ్చు. అంటారనే నేను ఎదురుచూశాను. రుక్మాబాయి గారు “నా రూలే సార్. తప్పు రూలు గాదు. సాయిలు పిల్లిని నేను మర్సిపోలే” అని కూర్చున్నారు.

“కనుక, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది...” అని అధ్యక్షులవారు మొదలుపెట్టారు.

నాకు తుమ్ము వచ్చింది.

వరండా తలుపు తెరిచి ఉంది, గాలి లోపలికి వీస్తోంది, అంతకు మించి అందులో దైవలీల ఏమీ లేదు. కానీ మన అధ్యక్షులవారు శకునాలు పట్టించుకునే మనిషి. తీర్మానం మధ్యలో తుమ్ము పడితే ముందుకు సాగరు. మాట ఆపి, మంచినీళ్లు తెమ్మన్నారు. గ్లాసు వచ్చే లోపల గదిలో ఎవరికీ చేసే పని లేదు. ఆ ఖాళీలో నేను లేచాను.

“అక్కా, నీ తర్వాత నేను జూస్త.”

ఆమె నా వైపు తిరిగారు. “నీకు పిల్లంటేనే తుమ్ములాయె గద తమ్మీ.”

“తుమ్ముకుంటనే జూస్త.”

ఇంకొకరైతే చాలునని ఊరుకునేవారు. ఆమె ఊరుకోలేదు. “గట్ల గాదు. నా మొఖం జూసి మల్లొకపారి అను” అన్నారు. రుమాలు తీసి, ఆమె ముఖం చూసి, మళ్లీ అన్నాను. నాకు అరవై నిండడానికి ఇంకా చాలా కాలముందని కార్యదర్శిగారికి కూడా తెలుసు. అధ్యక్షులవారు నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టారు. ఆ పిల్లులను గోదాములకు పంపే తీర్మానం ముందుకు సాగలేదు, గదిని మార్చడం మాత్రం ఖాయమైంది.

ఇందుకు నన్ను మెచ్చుకోవద్దు. దయతో అన్న మాట కాదది, కోపంతో అన్న మాట. దానితో ఏదో గెలిచామని కూడా ఎవరూ భ్రమపడవద్దు. ఉన్న పిల్లులు ఆమెతో వెళతాయి. రేపు గేటు ముందు సంచిలో దొరికే పిల్లికి ఆ గది లేదు, గోనె పరిచే మనిషి లేదు, గోదాము మాత్రం ఉంది. బోర్డుకు కొత్త రంగు వేయిస్తున్నారు. వీడ్కోలు సభ ఫొటోలలో అది చక్కగా పడుతుంది. ఇరవై ఏళ్ల సేవకు గౌరవం చేయదలచుకుంటే, ఆ సభలో ఆ వ్యాపారులను పిలిచి, మందు పెట్టబోమన్న మాటను ఆమె ముఖం చూసి చెప్పించండి. అది చేయలేకపోతే శాలువా కూడా వద్దు.

రుక్మాబాయి అక్కా! సంప్రదాయం ప్రకారం ఈ వ్యాసం చివర మీకు ఆయురారోగ్యాలు కోరాలి. అందరూ మర్యాదకు కోరతారు, నాకు మాత్రం అది అక్కర. మీతో వస్తున్న పిల్లుల్లో అన్నిటికంటే చిన్నది ఒంటికన్ను నల్లపిల్లి కాలీ. గోదాములో మందు పాలబడకుండా బతికి వచ్చిన గట్టి పిండం. దానికి చాలా ఆయుష్షుందని మొన్న పశువుల డాక్టరమ్మ చెప్పారు. దానికంటే ఎక్కువ ఆయుష్షు మీకుండాలి. అది ముసలిదై, తన గోనె మీద, మీ కాళ్ల దగ్గర, తన కాలం తీరి వెళ్లిన తరువాత కూడా, గేటు దగ్గర నిలబడి ఎవరో ఒకరిని తిట్టగలిగినంత ఆరోగ్యంతో మీరు ఉండాలి. మీ తర్వాత నేను చూస్తానని నలుగురిలో రెండుసార్లు మాట ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పను. ఆ మాట నిలబెట్టుకోవలసిన రోజు నాకు ఎన్నటికీ రాకూడదని మనసారా కోరుకుంటున్నాను.

— బాలనర్సింహ, గుమాస్తా, కరుణాంగణం, జల్‌పల్లి